అమ్మ ఒక్క పూట కూడా మర్చిపోలేదు

మా వంటింట్లో పొయ్యికి ఎడమ పక్క, చేతికందే ఎత్తులో ఒక చెక్క అర ఉండేది. దాని మీద పోపుల డబ్బా, కాఫీ పొడి సీసా, వాటి పక్కనే చిన్న స్టీలు డబ్బా. ఆ డబ్బాలో మా తమ్ముడి ఫిట్స్ బిళ్ళలు ఉండేవి.

వాడికి మొదటిసారి ఫిట్స్ వచ్చింది 1998లో, తొమ్మిదో ఏట. బడిలో ప్రార్థన జరుగుతుండగా పడిపోయాడు. ఎవరో పరిగెత్తుకొచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టారు. కాకినాడ తీసుకెళ్తే డాక్టరు గారు పరీక్షలు చేయించి, కార్బమజెపైన్ 200 మిల్లీగ్రాముల బిళ్ళలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేయమన్నారు. "ఒక్క పూట కూడా తప్పకూడదమ్మా" అని రెండుసార్లు చెప్పారు.

అమ్మ అయిదో తరగతి వరకే చదివింది. పూట తప్పకుండా ఉండడానికి తనే ఒక పద్ధతి పెట్టుకుంది. నెలాఖరు రోజున నాన్న అమలాపురంలో వచ్చే నెలకి సరిపడా బిళ్ళలు కొని తెచ్చేవారు. అమ్మ ఆ రాత్రే కూర్చుని స్ట్రిప్పులన్నీ విప్పి, అరవై లెక్కపెట్టి స్టీలు డబ్బాలో పోసేది. వేసిన ప్రతి పూటా క్యాలెండరు మీద చిన్న చుక్క. పదిహేనో తారీఖు రాత్రి డబ్బా బోర్లించి లెక్కపెడితే ముప్ఫై మిగలాలి. ముప్ఫై ఒకటి ఉన్నాయంటే ఒక పూట తప్పినట్టు. నాకు తెలిసి ఎప్పుడూ ముప్ఫై ఒకటి మిగల్లేదు. డబ్బా మూత వదులుగా ఉండేది, ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో తీయడానికి వీలుగా.

1999 వానాకాలంలో, శ్రావణ మాసంలో, తమ్ముడికి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. ఒక్క నెలలో మూడుసార్లు. కోనసీమలో వానాకాలం ఎలా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉప్పు జాడీలో నీళ్ళు ఊరతాయి, అప్పడాలు మెత్తబడతాయి, ఆరేసిన బట్టలు మూడో రోజుకి కూడా వాసన వేస్తాయి. అప్పటికింకా యానాం–ఎదుర్లంక వంతెన రాలేదు. పంటు మీద గోదావరి దాటి కాకినాడ వెళ్ళాం. నాకు పద్నాలుగేళ్ళు, నేనూ వెళ్ళాను. డాక్టరు గారు అమ్మని సూటిగా అడిగారు: "ఏమ్మా, బిళ్ళలు సరిగ్గా వేస్తున్నావా? వేస్తే ఎందుకొస్తాయి? మీ నిర్లక్ష్యానికి పిల్లాడు బలైపోతాడు." అమ్మ క్యాలెండరు కాగితం మడిచి పర్సులో తెచ్చింది. అది బయటకి తీయలేదు. తిరుగు ప్రయాణంలో పంటు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎవరితోనూ మాట్లాడలేదు.

డోసు పెంచారు. కొన్నాళ్ళకి ఫిట్స్ తగ్గాయి. కానీ సంక్రాంతి వచ్చేసరికి వాడు తూలుతూ నడవడం మొదలుపెట్టాడు. "అక్కా, నాకు నువ్వు ఇద్దరిలా కనిపిస్తున్నావే" అన్నాడు. మళ్ళీ కాకినాడ, మళ్ళీ డోసు తగ్గించడం. వానాకాలంలో చాలని మందు శీతాకాలంలో ఎందుకు ఎక్కువైందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాలని మాకు తెలియదు.

పదేళ్ళ తరువాత, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో, ఒక రాత్రి హాస్టల్ గదిలో పేపర్లు చదువుతున్నాను. మా ల్యాబ్‌లో మందుల స్ఫటికాల మీద పని. ఆ వారం నాకిచ్చిన మందు కార్బమజెపైన్. ఆ పేరు చూసి మొదట సంతోషపడ్డాను, మనింటి మందు కదా అని. తరువాత ఒక వాక్యం చదివాను. కార్బమజెపైన్ బిళ్ళల్ని తేమ తగిలేచోట ఉంచితే వాటి పనితనంలో మూడో వంతు దాకా పోవచ్చని, స్నానాల గదుల్లాంటి చోట్ల పెట్టొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1990లోనే హెచ్చరించింది.

1990లో. మా అమ్మ పంటు మీద కొంగు నోటికి పెట్టుకుని నిలబడడానికి తొమ్మిదేళ్ళ ముందు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ నా దగ్గర రుజువు లేదు. ఆ బిళ్ళలు ఎవరూ దాచలేదు, తమ్ముడి రక్తంలో మందు ఎంత ఉందో ఆ రోజుల్లో ఎవరూ కొలవలేదు. కానీ వానాకాలంలో తిరగబెట్టడం, చలికాలంలో డోసు ఎక్కువవడం, పొయ్యి పక్కన వదులు మూత డబ్బా, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వేరే కారణం తోచదు.

అసలు బిళ్ళలో ఏం జరుగుతుందో చెప్తాను. మందు అంటే మనం ఒక అణువు అనుకుంటాం. ఆ అణువు ఒంటరిగా కడుపులోకి రాదు. కోటానుకోట్ల అణువులు ఒక వరసలో పేర్చుకుని స్ఫటికంగా వస్తాయి. ఆ పేర్పు ఎలా ఉందన్న దాన్ని బట్టే అది ఎంత తొందరగా కరుగుతుంది, ఎంత తేమ పీలుస్తుంది, మిషన్‌లో నొక్కితే బిళ్ళగా నిలబడుతుందా లేక పొరలుగా ఊడిపోతుందా అన్నవన్నీ ఆధారపడతాయి. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, అందరూ చూసే ఉంటారు. మా వైపు కొబ్బరి చెట్లకి మొవ్వు కుళ్ళు వస్తే బోర్డో మిశ్రమానికి వాడతారు. ఆ నీలం రంగు దానిలోని నీటి వల్లే వస్తుంది. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి అయిదు నీటి అణువులు స్ఫటికంలో కూర్చుని ఉంటాయి. పెనం మీద వేడి చేస్తే నీళ్ళు పోయి తెల్లటి పొడి అవుతుంది. తడి తగిలితే మళ్ళీ నీలం. మైలుతుత్తం రంగు మారి మనకి చెప్పేస్తుంది. కార్బమజెపైన్ చెప్పదు. పొడిగా ఉన్నప్పుడూ తెలుపే, నీటిని పట్టుకున్నాకా తెలుపే.

కార్బమజెపైన్ అణువులు జంటలుగా ఉంటాయి. రెండు అణువులు ఎదురెదురుగా నిలబడి, వాటి ఎమైడ్ చివరలతో (నైట్రోజన్, ఆక్సిజన్ ఉండే చివరలతో) హైడ్రోజన్ బంధాలు, అంటే ఒకదాని హైడ్రోజన్ ఇంకోదాని ఆక్సిజన్‌ని పట్టుకునే వదులు పట్లు, వేసుకుంటాయి. అయినా ఒక్కో అణువుకి ఒక ఎన్-హెచ్ (నైట్రోజన్–హైడ్రోజన్), ఒక ఆక్సిజన్ బయటికి మిగిలి ఉంటాయి. తేమ వచ్చినప్పుడు నీరు అక్కడ చేరుతుంది. ఒక్కో మందు అణువుకి రెండు నీటి అణువుల చొప్పున చేరి డైహైడ్రేట్ అవుతుంది. పేర్పు మారిపోతుంది, బిళ్ళ గట్టిపడుతుంది, కరిగే వేగం పడిపోతుంది. మామూలుగానే ఈ మందు నీటిలో చాలా కొద్దిగా కరుగుతుంది. డైహైడ్రేట్ కరగడం ఇంకా తక్కువ. పైగా మూర్ఛకి ఇచ్చే మందుల్లో చాలిన డోసుకీ ఎక్కువైన డోసుకీ మధ్య సందు చాలా ఇరుకు. అందుకే మా తమ్ముడు ఒక కాలంలో పడిపోయాడు, ఇంకో కాలంలో తూలాడు అని అనుకుంటాను.

నేను మొదటిసారి కార్బమజెపైన్‌ని నీళ్ళలో వేసి రాత్రంతా మాగ్నెటిక్ స్టిర్రర్ మీద వదిలేసి, పొద్దున చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. సాయంత్రం చూసిన పలుకులు లేవు. గాజు పలక నిండా సన్నటి పొడవాటి సూదులు. బాగా చిక్కగా, గడ్డి పరిచినట్టు. చాలాసేపు చూశాను. పక్క బెంచీ అమ్మాయి "ఏమైంది అక్కా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

మామూలుగా ఒక మందు కరగడం లేదంటే మొదట ఆలోచించేది దాన్ని లవణం చేయడం, మా భాషలో సాల్ట్ చేయడం. క్షారంలాంటి మందుకి ఆమ్లం, ఆమ్లంలాంటి మందుకి సోడియం వగైరా కలుపుతాం. ఒకదాని నుంచి ఇంకోదానికి ప్రోటాన్, అంటే ఎలక్ట్రాన్ లేని హైడ్రోజన్, మారుతుంది. మన ఇళ్ళలో వాడే మందుల పేర్ల చివర కనిపించే హైడ్రోక్లోరైడ్, సోడియం, మేలియేట్ అన్నవన్నీ అవే. కానీ కార్బమజెపైన్‌కి ప్రోటాన్ ఇచ్చే గుణమూ లేదు, పుచ్చుకునే గుణమూ లేదు. దాన్ని లవణం చేయడం కుదరదు. అక్కడే కో-క్రిస్టల్ అవసరమవుతుంది. మందు అణువు, దానికి తోడుగా హాని చేయని ఇంకో చిన్న అణువు, రెండూ ఒకే స్ఫటికంలో, ఒక లెక్క ప్రకారం కూర్చుంటాయి. ప్రోటాన్ మారదు. హైడ్రోజన్ బంధాలే పట్టి ఉంచుతాయి. ఆ తోడు అణువుని కోఫార్మర్ అంటాం. మందు మందుగానే ఉంటుంది, శరీరంలో చేసే పని మారదు. మారేది కరిగే తీరు, తేమకి ఓర్చుకునే తీరు, నొక్కితే నిలబడే తీరు.

ఇలాంటి జంట స్ఫటికం కొత్త సంగతి కాదు. 1844లోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త వోలర్ క్విన్‌హైడ్రోన్ అనే జంట స్ఫటికం చేశాడు. అయితే ఏ అణువు పక్కన ఏది ఎలా కూర్చుంటుందో ముందే ఊహించి కట్టడం అనేది ఒక శాస్త్రంగా ఎదగడంలో మా యూనివర్సిటీకి పెద్ద చోటుంది. రసాయన శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు గారు 1979 నుంచి 2009 దాకా అక్కడే పనిచేశారు. "సుప్రామాలిక్యులర్ సింథాన్" అనే ఆలోచనని 1995లో ఆయన ప్రపంచం ముందు పెట్టింది హైదరాబాద్ నుంచే. యాసిడ్ చివర ఉంటే ఎమైడ్‌తో ఇలా జతకడుతుంది, పిరిడీన్‌తో అలా జతకడుతుంది అని తెలిస్తే, ఇల్లు కట్టేవాళ్ళకి ఇటుకల కొలత తెలిసినట్టే. నేను చేరిన మరుసటి ఏడాది ఆయన బెంగళూరు వెళ్ళిపోయారు. కానీ ఆ భవనంలో క్యాంటీన్ దగ్గర కూడా జనం హైడ్రోజన్ బంధాల గురించే వాదించుకునేవాళ్ళు. ఎక్కడో అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో జరుగుతున్న పని కాదిది, మన గచ్చిబౌలి రాళ్ళ మధ్యన జరిగిన పని. మన పిల్లలకి ఈ సంగతి తెలియాలని నాకు చాలా ఉంటుంది.

కార్బమజెపైన్‌కి దొరికిన తోడు ఏమిటో తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. సాకరిన్. షుగర్ ఉన్నవాళ్ళు కాఫీలో వేసుకునే సాకరిన్. 2003లో ఈ కో-క్రిస్టల్‌ని ప్రకటించారు. 2007లో దాన్ని మార్కెట్‌లో ఉన్న బిళ్ళతో పోల్చిన పేపరు వచ్చింది. కుక్కల మీద పరీక్షిస్తే రక్తంలోకి మందు చేరడంలో అది మార్కెట్ బిళ్ళకి తీసిపోలేదు, పైగా తేమకి నిలిచింది. ఎలా నిలిచిందో బొమ్మ చూస్తేనే అర్థమవుతుంది. కార్బమజెపైన్ జంట విడిపోదు. బయటికి మిగిలిన ఆ ఎన్-హెచ్, ఆ ఆక్సిజన్ ఉన్నాయి చూడండి, నీరు వచ్చి కూర్చునే చోట్లు, అక్కడ సాకరిన్ ముందే వచ్చి కూర్చుంటుంది. నీటికి చోటు మిగలదు.

మా గైడ్ దగ్గర అడిగి ఆ ప్రయోగం నేనే చేశాను. కొత్తది కాదు, పేపరు రాయడానికి పనికొచ్చేదీ కాదు. "నేర్చుకోవడానికి చెయ్యమ్మా" అన్నారు. 236 మిల్లీగ్రాముల కార్బమజెపైన్, 183 మిల్లీగ్రాముల సాకరిన్ తూచాను. అణువుల లెక్కలో రెండూ సరిసమానం. అగేట్ ఖల్వంలో వేసి, రెండు చుక్కల మెథనాల్ వేసి, ఇరవై నిమిషాలు నూరాను. దీన్ని మేం లిక్విడ్ అసిస్టెడ్ గ్రైండింగ్ అంటాం. చుక్క తడి లేకపోతే అణువులు కదిలి కలవడం కష్టం, ఎక్కువైతే ముద్దయిపోతుంది. ఆయుర్వేద వైద్యులు చూర్ణాన్ని ఆకుపసరు పోసి నూరడాన్ని భావన చేయడం అంటారు. వాళ్ళ ఉద్దేశం వేరు, మా ఉద్దేశం వేరు. కానీ ఖల్వంలో చేయి తిరిగే తీరు ఒకటే. నూరుతుంటే నాకు మా ఊరి వైద్యుడి అరుగే గుర్తొచ్చింది.

ఆ పొడిని ఎక్స్‌రే మిషన్‌లో పెట్టాను. పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్ ప్రతి స్ఫటికానికి వేలిముద్రలాంటిది. కార్బమజెపైన్ పీకులు, అంటే గ్రాఫ్‌లో పైకి లేచే గీతలు, పోయాయి. సాకరిన్ పీకులు పోయాయి. రెండింటిలోనూ లేని కొత్త పీకులు వచ్చాయి. డీఎస్‌సీలో, అంటే పొడి ఎంత వేడికి కరుగుతుందో చూపే మిషన్‌లో కూడా, రెండు కరిగే చోట్లు కాకుండా ఒక్కటే, అదీ కొత్త చోట. తరువాత ఆ పొడిని, పక్కన మామూలు కార్బమజెపైన్‌ని, రెండు గాజు మూతల్లో పెట్టి ఒక డెసికేటర్‌లో, అంటే గాలి చొరబడని గాజు పాత్రలో, ఉంచాను. అడుగున పొటాషియం సల్ఫేట్ కరగనంత వేసిన నీళ్ళు. అలా ఉంచితే లోపల గాలిలో తేమ 97 శాతం దగ్గర నిలిచి ఉంటుంది. మామూలు ఉప్పు వేస్తే 75 శాతం. నాకు కావలసింది శ్రావణ మాసం, అందుకే పొటాషియం సల్ఫేట్. వారాల తరబడి చూశాను. మామూలుది డైహైడ్రేట్ వైపు మళ్ళింది, కో-క్రిస్టల్ గ్రాఫ్ మారలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. గాలిలో తేమకి నిలిచిన ఈ కో-క్రిస్టల్‌ని నీళ్ళలోనే ఎక్కువసేపు వదిలేస్తే చివరికి అదీ ఓడిపోతుంది. సాకరిన్ నీటిలో ఎక్కువ కరుగుతుంది కాబట్టి ముందు జారుకుంటుంది, మిగిలిన కార్బమజెపైన్ మళ్ళీ డైహైడ్రేట్ సూదులుగా బయటపడుతుంది. అందుకని కడుపులో పందెం కాలంతో. కో-క్రిస్టల్ విడిపోగానే మందు ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో నీటిలోకి వస్తుంది. దాన్ని మేం స్ప్రింగ్ అంటాం. అది వెంటనే కిందికి పడిపోకుండా కొంతసేపు నిలిపేది ఏదైనా బిళ్ళలో ఉండాలి, సాధారణంగా ఒక పాలిమర్. దాన్ని పారాచూట్ అంటాం. ఆ కొద్ది సేపట్లో పేగు పీల్చుకోగలిగినంత పీల్చుకుంటుంది.

చదువు అయ్యాక ఊరి చివర ఉన్న ఒక కంపెనీలో చేరాను. అక్కడ నేర్చుకున్నది వేరు. ఒక మందుకి, పేరు చెప్పకూడదు, నికోటినమైడ్‌తో కో-క్రిస్టల్ దొరికింది. నికోటినమైడ్ అంటే బి3 విటమినే. ఖల్వంలో 200 మిల్లీగ్రాములు బ్రహ్మాండంగా వచ్చింది. యాభై గ్రాములు కావాలన్నారు. రెండింటినీ సరిసమానంగా ఇథనాల్‌లో కరిగించి చల్లార్చాం. అడుగున పడింది వట్టి మందు. మళ్ళీ చేశాం, మళ్ళీ వట్టి మందే. వారం వారం మీటింగుల్లో నా పేరు ఎర్ర రంగులో కనిపించేది, ఆ టెన్షన్‌తో అన్నం సహించేది కాదు. కారణం తెలిశాక చాలా చిన్నదనిపించింది. నికోటినమైడ్ ఇథనాల్‌లో బాగా కరుగుతుంది, మా మందు అంతగా కరగదు. ద్రావణంలో రెండూ సమానంగా ఉన్నా, చల్లారినప్పుడు కరగనిదే ముందు బయటకి వస్తుంది. అందుకని నికోటినమైడ్‌ని కావలసినదానికంటే చాలా ఎక్కువ ముందే వేసి, ద్రావణాన్ని దానితో నింపేసి, ఆ తరువాత మందు వేసి తిప్పాం. కో-క్రిస్టల్ పడింది. దీన్ని కాగితం మీద మందు, తోడు, ద్రావకం ఒక్కో మూలగా మూడు మూలల పటం గీసి ముందే చూడొచ్చు. గీయడానికి రెండు వారాలు పడుతుందని గీయనివ్వలేదు, నాలుగు నెలలు పోయాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఆ పటం గీయమనే.

ఇంతకీ ఇవి ల్యాబ్‌లోనే ఉన్నాయా, దుకాణానికి వచ్చాయా అని అడుగుతారు. వచ్చాయి. షుగర్‌కి వాడే ఎర్టుగ్లిఫ్లోజిన్ ఎల్-పైరోగ్లుటామిక్ యాసిడ్‌తో కో-క్రిస్టల్‌గానే 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. జపాన్‌లో ఇప్రాగ్లిఫ్లోజిన్ అంతకుముందే, 2014లో, ప్రోలిన్ తోడుతో వచ్చింది. ఇవి కూడా కార్బమజెపైన్ లాగే లవణం చేయడానికి వీల్లేని అణువులు. నొప్పికి సెలికాక్సిబ్, ట్రామడాల్ హైడ్రోక్లోరైడ్ రెండు మందుల్నీ ఒకే స్ఫటికంలో పెట్టిన బిళ్ళకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండె బలహీనపడినవాళ్ళు చాలామంది ఇప్పుడు వేసుకునే సాక్యుబిట్రిల్–వాల్సార్టన్ అసలు రూపం కూడా ఇలాంటి కలయికే. రెండు మందులు, మూడు సోడియంలు, రెండున్నర నీటి అణువులు, అన్నీ ఒకే పేర్పులో. ఎఫ్‌డీఏ కూడా వీటిని ఏ గంపలో వేయాలో మొదట తేల్చుకోలేక 2013లో ఒక విధంగా, 2018లో ఇంకో విధంగా చెప్పింది. 2018 తరువాత వీటిని అదే మందు తాలూకు ఇంకో ఘన రూపంగా చూస్తున్నారు, కొత్త మందుగా కాదు. కంపెనీలకి అది పెద్ద ఊరట.

మన దగ్గరి పనిలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది టీబీ బిళ్ళ మీద జరిగింది. రిఫాంపిసిన్ 150, ఐసోనియజిడ్ 75, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు, నాలుగూ కలిపి ఒకే బిళ్ళ. రోగికి సులువు. కానీ ఆ నాలుగూ ఒకచోట పొందికగా ఉండవు. ఇథాంబ్యుటాల్ హైడ్రోక్లోరైడ్ తేమ పీలుస్తుంది, ఆ తడిలో, ఆ ఆమ్లంలో, ఐసోనియజిడ్ పోయి రిఫాంపిసిన్‌ని పట్టుకుని పాడుచేస్తుంది. హైదరాబాద్‌లో అశ్వినీ నాంగియా గారి బృందం ఐసోనియజిడ్‌ని కెఫీక్ యాసిడ్‌తో కో-క్రిస్టల్ చేసి, దాన్ని ఈ నాలుగు మందుల కలయికలో పెట్టి చూసింది. అలా కట్టిపడేసిన ఐసోనియజిడ్‌తో కలయిక మెరుగ్గా నిలిచిందని 2018లో ప్రచురించారు. పసుపులోని కర్క్యుమిన్‌ని రిసార్సినాల్‌తో, పైరోగాలాల్‌తో కలిపి, ఇథనాల్ కలిపిన నీటిలో కరిగే వేగాన్ని అయిదు రెట్లు, పన్నెండు రెట్లు పెంచిందీ ఆ బృందమే, 2011లో. పసుపు పనికి పత్రికల్లో పేరు ఎక్కువ రావచ్చు. నా మటుకు టీబీ పనే గొప్పది. ఎందుకంటే ఆ బిళ్ళ వేసుకునేవాళ్ళ ఇళ్ళలో కూడా ఆ స్టీలు డబ్బా ఉంటుంది.

మరి కార్బమజెపైన్–సాకరిన్? మా రంగంలో పాఠం చెప్పే ప్రతివాళ్ళూ ఉదాహరణగా చూపించే ఈ కో-క్రిస్టల్ బిళ్ళగా మా అమలాపురం దుకాణానికి రాలేదు. నేను ఒకసారి లెక్క వేసుకున్నాను. 200 మిల్లీగ్రాముల మందుకి 155 మిల్లీగ్రాముల సాకరిన్ కావాలి. మా తమ్ముడు ఇప్పుడు రోజుకి 600 వేసుకుంటాడు. అంటే 465 మిల్లీగ్రాముల సాకరిన్. ఆహారంలో సాకరిన్ రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కలిసి నడిపే నిపుణుల సంఘం పెట్టిన హద్దు. అరవై కిలోల మనిషికి 300. మా వాడికి ఆ హద్దు దాటిపోతుంది. ఎర్టుగ్లిఫ్లోజిన్ డోసు 15 మిల్లీగ్రాములు మించదు కాబట్టి దానికి ఈ ఇబ్బంది రాదు. పెద్ద డోసు మందులకి తోడు బరువు పెద్ద సమస్య. అందుకని సాకరిన్ దగ్గరే ఆగిపోకూడదు, ఇంకా తేలికైన, ఇంకా హానిలేని తోడు వెతకాలి. పేటెంటు పోయిన పాత మందు మీద ఇంత ఖర్చు ఎవరు పెడతారు అని మీటింగుల్లో అంటారు. పాత మందులు వేసుకునేవాళ్ళే ఈ దేశంలో ఎక్కువ. వానాకాలం ఉన్నదీ ఈ దేశంలోనే. ఈ పని ఇక్కడ జరగకపోతే ఎక్కడా జరగదని నేను అనుకుంటాను.

అంతవరకు చేయగలిగింది ఒకటుంది. బిళ్ళల్ని వేసుకునే నిమిషం దాకా స్ట్రిప్‌లోనే ఉంచడం, వంటింట్లోంచి, స్నానాల గదిలోంచి బయట పెట్టడం. సీసాలో వచ్చే మందైతే లోపలి చిన్న సిలికా పొట్లం పారేయకుండా, మూత బిగించి. మూర్ఛ మందు మాత్రం ఎవరూ సొంతంగా ఆపొద్దు, మార్చొద్దు. అనుమానం ఉంటే డాక్టరుకి చెప్పండి, బిళ్ళలు ఎక్కడ పెడుతున్నారో కూడా చెప్పండి.

తమ్ముడు ఇప్పుడు రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళుగా ఫిట్స్ లేవు. వాడి బిళ్ళల స్ట్రిప్పులు పడకగది బీరువాలో, జిప్ కవర్‌లో ఉంటాయి. నేనే పెట్టించాను.

అమ్మకి మాత్రం ఈ సంగతి చాలా ఏళ్ళు చెప్పలేదు. చెప్తే ఏమనుకుంటుందో అని భయం. డబ్బా ఆవిడ ఆలోచనే కదా. కిందటి శ్రావణ మాసంలో ఇంటికి వెళ్ళినప్పుడు, వాన పడుతుంటే వెనక వసారాలో కూర్చుని చెప్పాను. మైలుతుత్తం దగ్గర మొదలుపెట్టి, సూదుల దాకా. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత నేను భయపడిందే అడిగింది.

"అయితే ఆ డబ్బాలో పొయ్యడం వల్లేనా, అమ్మాయ్?"

"స్ట్రిప్పులు విప్పొద్దని నీకు ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పాల్సినవాళ్ళకి తెలుసు, అప్పటికే రాసిపెట్టి ఉంది. నువ్వు పూట తప్పలేదు. ఒక్కటి కూడా తప్పలేదు. నేను లెక్కపెట్టడం చూశాను."

చేట పక్కన పెట్టింది. ఇరవై ఏళ్ళు దాటింది, ఆ క్యాలెండరు కాగితం ఇంకా ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద ఉందని అప్పుడు చెప్పింది. నాకు తెలియదు. లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, ముందు అరుగు మీద పేపరు చదువుకుంటున్న నాన్న వైపు నడుస్తూ గట్టిగా పిలిచింది.

"ఏవండీ, విన్నారా? నేను మర్చిపోలేదంటండీ."